అటక మీది నాటు తుపాకితో జాగ్రత్త

మొక్కజొన్న గింజ పాలు పోసుకునే వేళకు అడవిపందులు చేలో దిగుతాయి. రాత్రంతా మంచె మీద కూచుని డబ్బా కొట్టే రైతుకు ఒక తుపాకి ఉంటే బాగుండుననిపించడం సహజమే. కాని దేన్ని ఆయుధమంటారో, దేన్ని తుపాకి కింద జమ కడతారో ముందు తెలుసుకోవాలి.

మన దేశంలో దీనికి 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది. దాడికో, ఆత్మరక్షణకో ఆయుధంగా తయారు చేసిన వస్తువు ఏదైనా ఆయుధమే. అయితే కేవలం ఇంటి పనికి, సేద్యానికి తయారైన వస్తువుల్ని ఆ లెక్కలోంచి తీసేశారు. చేతికర్రను చట్టంలోనే ఉదాహరణగా రాశారు. కాబట్టి మీ కొడవలికి, గొడ్డలికి, గడ్డపారకు లైసెన్సు అక్కర్లేదు. అలాగని గట్టు తగాదాలో అదే కొడవలి ఎత్తితే మాత్రం 'పొలం పనిముట్టు సార్' అంటే ఎవరూ వినరు. దానితో గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ కింద ప్రమాదకర ఆయుధంతో కొట్టినట్టే. ఇంట్లో ఉండటం వేరు, మనిషి మీదికి ఎత్తడం వేరు.

ఇక తుపాకి సంగతి. పేలుడు మందుతో గాని, మరే శక్తితో గాని గుండునో రవ్వనో బయటికి విసిరే ఆయుధమంతా చట్టం ప్రకారం ఫైరార్మే. కంపెనీదా, ఊరి కమ్మరి చేసిందా అని చూడరు. మూతిలోంచి మందు కూరే నాటు తుపాకీ అందులోకే వస్తుంది. 'తాతగారిది, తుప్పు పట్టింది' అనే మాట కూడా చెల్లదు. రిపేరు చేసినా పేలని స్థితిలో ఉంటేనే మినహాయింపు. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకుంటే, 2019 సవరణ తర్వాత, కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలు, జరిమానా. రెండెకరాల రైతు రెండేళ్లు జైల్లో ఉంటే ఆ సేద్యం ఏమవుతుందో వేరే చెప్పాలా?

పంట రక్షణకు తుపాకి అడిగే దారి చట్టంలోనే ఉంది. 13వ సెక్షన్ కింద మందు కూరే తుపాకికి, అది చాలదని అధికారి భావిస్తే నున్న గొట్టం తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చు. దరఖాస్తు పెట్టినంత మాత్రాన వస్తుందని కాదు, పోలీసు విచారణ ఉంటుంది. ఇంకో మెలిక కూడా గమనించాలి. తుపాకికి లైసెన్సు ఉంటే పందిని కాల్చేందుకు అనుమతి ఉన్నట్టు కాదు. దానికి 1972 వన్యప్రాణి చట్టం కింద విడిగా అనుమతి తీసుకోవాలి. ముందు అటవీ శాఖ వారిని కలవండి.

కోతుల్ని బెదిరించడానికి ప్లాస్టిక్ పైపులో కార్బైడ్ వేసి పేలుస్తున్నారు. శబ్దం తప్ప ఏదీ బయటికి రాకపోతే పై నిర్వచనంలోకి రాకపోవచ్చు. అందులో గులకరాళ్లు కూరారో, కథ మారుతుంది. 2025 అక్టోబరులో దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఈ పైపులు పేల్చి ఎందరో పిల్లలు కళ్లకు గాయాలు చేసుకున్నారు.

తండ్రి పేర లైసెన్సున్న తుపాకి ఇంట్లో ఉండి, ఆయన కాలం చేస్తే, ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసుస్టేషన్లో అప్పగించి రశీదు తీసుకోండి. మీ పేరు మీద లైసెన్సు కావాలంటే ఆ తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చు.