పెట్రోలు కారు ఇథనాల్ తాగాలంటే

మొన్న హాస్టల్లో నలుగురం చేరి ఒక వీడియో చూశాం. అమెరికాలో ఎవరో మిత్సుబిషి లాన్సర్ ఇవల్యూషన్ కారు ఒకటి కొని, ముందే టర్బో మార్చి బలం పెంచి, ఇప్పుడు దాన్ని ఇథనాల్ మీద నడిచేలా మారుస్తున్నాడు. ఇంజను సగం విప్పి పెట్టాడు. "ఇంత తతంగం ఎందుకురా? పెట్రోలు తీసేసి ఇథనాల్ పోస్తే పోలా!" అన్నాడు మా మిత్రుడు. పోతుంది, ఇంజను పోతుంది. అదెలాగో చూద్దాం.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 గ్రాములు చాలు. దాని అణువులో ఒక ఆక్సిజన్ పరమాణువు ముందే ఉంది కదా. తక్కువ గాలి చాలంటే లాభమే అనిపిస్తుంది. కాని తిరగేసి చూడండి. సిలిండరు పీల్చే గాలి పెద్దగా మారదు. 100 గ్రాముల గాలికి పెట్రోలు 6.8 గ్రాములు పోస్తే చాలు, ఇథనాల్ అయితే 11 గ్రాములు పొయ్యాలి. అక్కడి బంకుల్లో దొరికేది ఈ-85 అనే మిశ్రమం. పేరుకు 85 గాని, ఋతువును బట్టి అందులో ఇథనాల్ 51 నుంచి 83 శాతం వరకు ఉంటుంది. ఇథనాల్ బాగా ఉన్న రోజుల్లో పెట్రోలు కంటే 40 శాతం దాకా ఎక్కువ పొయ్యాలి.

మామూలు నడకలో అయితే, పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు చెప్పిన దాన్ని బట్టి కారులోని కంప్యూటరు కొంత సర్దుకుంటుంది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం చాలా కార్లలో అది తన పట్టికలో రాసి ఉన్న లెక్క ప్రకారమే పోస్తుంది. ఆ లెక్క పెట్రోలుది. పైగా బలం పెంచిన కారులో ఇంజెక్టర్లు అప్పటికే తమ శక్తికొద్దీ చిమ్ముతుంటాయి. ఇంధనం చాలక, గాలి మిగిలి, వేడి మితిమీరితే పిస్టను కరిగి చిల్లు పడవచ్చు. అందుకే ముందు పెద్ద ఇంజెక్టర్లు, పెద్ద పంపు వేసి, ఆ తర్వాత కంప్యూటరులో పట్టిక తిరగరాస్తారు.

మరి ఇంత కష్టం ఎందుకు? ఇథనాల్‌లో బలం ఎక్కువనా? కాదు. లీటరు లెక్కన దాంట్లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడోవంతు తక్కువ! రహస్యమంతా చల్లదనంలో ఉంది. టర్బో గాలిని కుక్కుతుంది. సైకిలు పంపు కొట్టి దాని అడుగు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది చూడండి, అలాగే కుక్కిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడికి కొంత ఇంధనం తన వేళకు ముందే భగ్గుమంటే టకటకమని చప్పుడొస్తుంది. అదే నాకింగ్. టర్బో ఇంకా ఎంత కుక్కవచ్చో నిర్ణయించేది ఇదే.

ఇక్కడ మన ఫిజిక్స్ క్లాసు పనికొస్తుంది. ద్రవం ఆవిరవడానికి చుట్టూ ఉన్న వేడిని తీసుకుంటుంది. ఆ గుప్తోష్ణం పెట్రోలుకు గ్రాముకు సుమారు 0.35 కిలోజౌలు, ఇథనాల్‌కు 0.84 పైమాటే. పైన చెప్పిన గ్రాములతో గుణించండి: 100 గ్రాముల గాలికి పెట్రోలు పీల్చుకునే వేడి 2.4 కిలోజౌళ్లు, ఇథనాల్ పీల్చుకునేది 9 పైన. సుమారు నాలుగు రెట్లు! ఆక్టేన్ సంఖ్య చూసినా మామూలు పెట్రోలుకు 91 అయితే ఇథనాల్‌కు 108 దాకా ఉంటుంది. కాబట్టి టర్బో ఒత్తిడి పెంచవచ్చు, స్పార్కు కాస్త ముందుగా ఇవ్వవచ్చు. బలం వచ్చేది అక్కడ. 2007లో ఇండియానాపొలిస్ 500 పందెంలో కార్లన్నీ ఇథనాల్ మీదే పరుగెత్తాయి.

తలనొప్పులూ ఉన్నాయి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, కొన్ని రకాల రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టరుకు అడ్డం పెడుతుంది. చలిలో సరిగా ఆవిరి కాక ఇంజను మొండికేస్తుంది. బ్రెజిల్‌లో 1979 నుంచి వచ్చిన ఇథనాల్ కార్లలో చలి ఉదయాల కోసం చిన్న పెట్రోలు ట్యాంకు వేరే పెట్టేవారు. బంకు బంకుకూ శాతం మారుతుంది గనుక, ఇంధనంలో ఇథనాల్ ఎంతుందో కొలిచే సెన్సారు బిగించడం మేలు. నన్నడిగితే ఈ ఖర్చు దగ్గర పిసినారితనం పనికిరాదు.

మన దేశంలో 2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లోకి వచ్చిన ఈ-20లో ఇథనాల్ ఐదోవంతే. దాన్ని చూసి ఈ-85 కూడా ఇంతేలే అనుకుని ఎవరూ తమ మోటారు సైకిలు మీద ప్రయోగం చెయ్యవద్దని మనవి.

సెలవుల్లో ఇదంతా మా నాన్నకు చెప్పాను. మేం మొక్కజొన్న వేస్తాం, అమెరికాలో ఇథనాల్ చాలామటుకు తీసేది ఆ పంట నుంచే. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు: "ఒకసారి ట్యాంకు నింపితే ఎన్ని బస్తాలురా?" అప్పుడు చెప్పలేక తర్వాత లెక్క వేశాను. 50 లీటర్ల ట్యాంకులో ఇథనాల్ సుమారు 40 లీటర్లు. 25 కిలోల గింజలకు పదిన్నర లీటర్లు వస్తుంది. అంటే రమారమి 95 కిలోలు, మా బస్తాల్లో రెండు. అందులో మూడోవంతుకు కాస్త తక్కువ పశువుల దాణాగా తిరిగి వస్తుందని చెప్పాక గాని ఆయన మొహం కాస్త తేటపడలేదు.