కట్టడపు పనివారు – రక్తము వలన సోకు వ్యాధులు



మర్రిగూడ ప్రాంతమున జబ్బు అనగానే జనులు నీటిని తలంతురు. అది సహజమే. ఇచ్చటి బావినీటిలోని ఫ్లోరైడు పండ్లను గారపట్టించినది, ఎముకలను వంచినది, పెక్కు కుటుంబములను కుంగదీసినది. ఆ బాధ తీరుటకును చేలు తడియుటకును ఉద్దేశింపబడిన డిండి ఎత్తిపోతల పథకమునకు ఈ మండలములోని శివన్నగూడెముననే 2015 జూన్ నెలలో శంకుస్థాపన జరిగినది. జలాశయమైనను, మేడయైనను, పల్లెలోని బడియైనను, దానిని లేపునది కూలివాని చేతులే. ఆ చేతులకు గాయము తగులుట నిత్యము జరుగు పని. గాయము గుండ ఒకరి రక్తమునుండి మరియొకరి రక్తములోనికి ప్రాకు రోగములను గూర్చి నేడు ముచ్చటింతును. నీటిలోని ఫ్లోరైడువలెనే ఇవియును కంటికి కనబడవు. ఏండ్ల తరబడి నొప్పి లేకుండ లోన దాగియుండును.

ఇట్టి రోగములలో ముఖ్యమైనవి మూడు. కాలేయమును చెఱచునవి రెండు: హెపటైటిస్ బి, హెపటైటిస్ సి. మూడవది ఎచ్.ఐ.వి. మన పల్లెలలో పచ్చకామెర్లన్నియు ఒకటేయను తలంపు కలదు. అది సరికాదు. కలుషితమైన నీటివలన, తిండివలన వచ్చు కామెర్లు వేఱు. అవి సాధారణముగా కొన్ని వారములలో తమంత తామే తగ్గును. ఆ తగ్గుదలయొక్క కీర్తి ఆకుపసరు పోసినవానికి దక్కుచుండును! రక్తమువలన వచ్చునవి అట్టివి కావు. పెద్దవారిలో హెపటైటిస్ బి చాలమందికి నయమగునుగాని, కొందఱిలో అది తిష్ఠవేసి కాలేయమును గట్టిపఱచును, కడకు క్యాన్సరుగా పరిణమింపవచ్చును. హెపటైటిస్ సి సోకినవారిలో సగముకంటె ఎక్కువమందికి అది దీర్ఘకాలము నిలుచును.

పనిచోట ఇది యెట్లు సోకును? ఇనుప చువ్వలను కట్టువాని చేతిలోని తీగ కొన వ్రేలిని చీల్చును. ఆ తీగనే, ఆ కొక్కెమునే ప్రక్కవాడు అందుకొనును. సెంట్రింగు చెక్కలోని మేకు ఒకని అరకాలిలో దిగిన పిమ్మట దానిని పెఱికినవాని అరచేయియు గీరుకొనును. రాయి మీదపడి కాలు నలిగినవానిని నలుగురు మోసికొని పోవుదురు. ఆ నలుగురి చేతులును సున్నముచే, సిమెంటుచే పగిలియుండును. పగిలిన చర్మము మూసిన తలుపు కాదు. పాత ఆసుపత్రులను పడగొట్టునపుడు, చెత్తపోసిన పల్లపు నేలలో పునాదులు త్రవ్వునపుడు వాడి పాఱవైచిన సూదులు మట్టిలో నుండి గ్రుచ్చుకొనుటయు కలదు. హెపటైటిస్ బి సూక్ష్మజీవి ఎండిన రక్తపు మరకలోగూడ కనీసము ఏడు దినములు బ్రతికియుండగలదని తేలినది. కావున నిన్నటి మరకయని ఉపేక్షింపరాదు.

ఇక కూలీల గుడిసెలలో జరుగునది పనిచోట జరుగుదానికంటె ఎక్కువ హానికరమని నా అభిప్రాయము. ఒకే బ్లేడుతో ఐదుగురు గడ్డము గీచుకొందురు. ఒళ్లునొప్పులకు ఎవడో సూదిమందు వేయును. ఆ సూది క్రొత్తదా, ముందొకనికి వేసినదా యని అడుగువాడుండడు. మేస్త్రీలు తలపాగలపై శిరస్త్రాణములు పెట్టించుటకు చూపు పట్టుదలలో నాలుగవవంతు ఈ బ్లేడులపై చూపినను ఎంతో మేలగును.

అయితే భయమును కొలతకు మించి పెంచుట నా యుద్దేశము గాదు. కట్టడపు పనిలో ప్రాణములు తీయునవి ప్రధానముగా ఎత్తునుండి పడుట, మన్ను కూలుట, కరెంటు తగులుట. వాటితో పోల్చిన ఇది చిన్న ముప్పే. ఆసుపత్రులలో రోగికి వాడిన సూది గ్రుచ్చుకొన్నవారిని పరిశీలించి కట్టిన లెక్క యొకటి కలదు. టీకా లేనివారిలో హెపటైటిస్ బి నూటికి ఆఱుగురు మొదలు ముప్పదిమంది వఱకు సోకవచ్చును. హెపటైటిస్ సి నూటికి ఇద్దఱికో, అంతకు తక్కువమందికో సోకును. ఎచ్.ఐ.వి. వేయింటికి సుమారు ముగ్గురికి మాత్రమే. జనులు మిక్కిలి భయపడునది మూడవదానికి. సులభముగా సోకునది మొదటిది. టీకా యున్నదియు ఆ మొదటిదానికే!

కలిసి తినుటవలన, ఒక చెంబున నీరు త్రాగుటవలన, ఒక తట్టను మోయుటవలన ఇవి సోకవు. ఈ మాట ఎందులకు చెప్పుచున్నాననగా, కొందఱు గుంపు మేస్త్రీలు రోగమున్నవానిని ముందే యేఱి వెలివేసిన మిగిలినవారు క్షేమముగా నుందురని యెంచుదురు. ఇది అన్యాయము మాత్రమే గాదు, తెలివితక్కువయుగూడ. రోగమున్నవానికే తనకున్నదని పలుమారు తెలియదు. వెలివేయుదురను భయమున్నచోట తెలిసినవాడు దాచును, గాయము తగిలినవాడు చెప్పడు. పనిలో చేర్చుకొనుటకు ఎచ్.ఐ.వి. పరీక్షను షరతుగా పెట్టుటను, ఆ కారణమున అన్యాయముగ పనినుండి తొలగించుటను 2017లో భారత పార్లమెంటు చేసిన శాసనము నిషేధించినది. వైద్యులు పాటించు సూత్రము సులభమైనది: ఎవని రక్తమైనను, తోడబుట్టినవానిదైనను, రోగముతో కూడినదే యన్నట్లు చూడవలెను. రక్తమునకు జంకవలెను గాని మనుష్యునకు జంకరాదు.

ఈ సూత్రము పనిచోట ఎట్లు నడచును? గాయపడినవాడు తెలివితో నున్నయెడల, శుభ్రమైన గుడ్డను అతని చేతికే యిచ్చి గాయమును గట్టిగా ఒత్తిపెట్టుకొమ్మని చెప్పవలెను. అతనికి చేతగానిచో సాయము చేయువాడు పలుచని రబ్బరు చేతితొడుగులు తొడిగికొనవలెను. అవి దొరకనిచో చేతికి ప్లాస్టికు సంచిని చుట్టుకొన్నను చాలును. తొడుగులు లేవని మనిషిని రక్తము కాఱుచుండ విడిచిపెట్టుట మాత్రము కూడదు. ప్రథమ చికిత్సకు వలయు సామగ్రి పనిచోట నుండవలెనని 1996లో కట్టడపు పనివారికై చేసిన శాసనము చెప్పినది. 2020లో చేసిన స్మృతియు చెప్పినది. ఆ పెట్టె మేస్త్రీ గదిలో తాళమువేసి యుండిన ఉన్నట్టా, లేనట్టా?

నేలమీద, పనిముట్లమీద పడిన రక్తమును మొదట పాతగుడ్డతో అద్ది తీసి, ఆపైని బ్లీచింగు పొడి కలిపిన నీరు పోయవలెను. లీటరు నీటికి సుమారు ముప్పది గ్రాముల పొడి. పది నిమిషములకు తక్కువగాకుండ నాననిచ్చి కడుగవలెను. బావులలో చల్లు పొడియే ఇది. మూత తీసి చాలకాలమైన పొడికి బలము తగ్గును గనుక క్రొత్తదానిని వాడి, నీటిని ఏనాటికానాడు కలుపుకొనవలెను. ఈ నీరు పనిముట్లకే గాని శరీరమునకు గాదు. మట్టిలో సూది కనబడిన చేతితో తీయక, పట్టుకారుతో తీసి గట్టి డబ్బాలో వేయవలెను.

ఇన్ని జాగ్రత్తలున్నను సూది గ్రుచ్చుకొన్నచో, లేదా పచ్చిగాయముపై పరుల రక్తము పడినచో, వెంటనే పాఱు నీటితోను సబ్బుతోను కడుగవలెను. పిండి రక్తము తీయరాదు. సున్నము, కిరసనాయిలు, పసుపు పెట్టరాదు. కంటిలో పడిన నీటితో మాత్రమే కడుగవలెను. తరువాత పని ముగియువఱకు ఆగక ప్రభుత్వాసుపత్రికి పోవలెను. ఎచ్.ఐ.వి. సోకకుండ నిచ్చు మాత్రలు రెండు గంటలలో మొదలిడుట ఉత్తమము. డెబ్బదిరెండు గంటలు దాటిన ప్రయోజనముండదు. ఇరువదియెనిమిది దినములు వాడవలెను. టీకా వేసికొననివానికి హెపటైటిస్ బి టీకాయు, అవసరమైన రక్షకపు సూదియు వీలైనంతవఱకు ఇరువదినాలుగు గంటలలోనే వేయుదురు. ధనుర్వాతపు సూది వేయించుకొంటిని, ఇక భయము లేదని చాలమంది తిరిగి వత్తురు. ఆ సూది ధనుర్వాతమునకే. ఈ మూడింటికి అది అడ్డుకాదు. హెపటైటిస్ సి కి టీకా లేదు. కాని యిప్పుడు సాధారణముగా మూడు నెలల మాత్రలతో నూటికి తొంబదిమందికి పైగా నయమగుచున్నది. 2018లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద పరీక్షయు మందులును ఉచితముగా నిచ్చుట మొదలైనది.

టీకా మాట వచ్చినది గనుక తెలుగువారు గర్వింపదగిన సంగతి యొకటి చెప్పవలెను. ఈ టీకా ఒకప్పుడు విదేశములనుండి వచ్చెడిది, బీదవాడు దానివంక చూడలేకుండెను. 1997లో హైదరాబాదు చెంతనున్న శాంతా బయోటెక్నిక్స్ వారు, వరప్రసాదరెడ్డిగారి పూనికతో, జన్యుపద్ధతిని చేసిన హెపటైటిస్ బి టీకాను భారతదేశమున మొట్టమొదట తయారుచేసి బజారులోనికి తెచ్చిరి, ధరలు కుప్పగూలినవి. దేశమంతటను పసిపిల్లలకు ఈ టీకా నిచ్చుట 2011 నాటికి గాని విస్తరింపలేదు. నేడు తట్టమోయు వయసువా రెల్లరు దాదాపుగా అంతకు ముందు పుట్టినవారే. అనగా టీకా యొకటి మన యింటిముందే పుట్టినను, దానిని చేసిన నగరమునకు మేడలు కట్టిన పాలమూరు, నల్లగొండ కూలీలలో పెక్కురకు అది అందియుండదు.

పెద్దలకు మూడు మోతాదులు: మొదటిది, నెలకు రెండవది, ఆఱవ నెలలో మూడవది. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. వలసకూలి ఆఱు నెలలు ఒకచోట నిలుచుట అరుదు. మొదటిది మర్రిగూడలో, రెండవది హైదరాబాదులో, మూడవనాటికి ఏ పూనాలోనో యుండును. ఆలస్యమైనంత మాత్రమున మరల మొదటినుండి ప్రారంభింప నక్కరలేదు. మిగిలినది ఎప్పుడు వీలైన నప్పుడు, ఎచ్చట నున్న నచ్చట వేయించుకొనవచ్చును. అందులకు తేదీలు వ్రాసిన చీటి చేతనుండిన చాలును. గుంపు మేస్త్రీ తాను ఇచ్చిన అడ్వాన్సుల లెక్కను ఏండ్ల తరబడి పుస్తకములో భద్రముగా నుంచుకొనును. ఆ పుస్తకములోనే ప్రతి పేరు ప్రక్కన మూడు గళ్లు గీచి ఈ తేదీలును వ్రాసికొనవచ్చును. టీకా ఖర్చును గుత్తదారు భరించుట న్యాయము.