సెలవుల్లో లెక్కలు జారిపోకుండా... ఇంట్లోనే రెండు భాషల ఆట

వేసవి సెలవులంటే పిల్లలకు పండగ, అమ్మలకు పరీక్ష. ఏప్రిల్ చివరి వారంలో మూసిన బడి మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలోనే. దగ్గర దగ్గర ఏడు వారాలు. పుస్తకాల సంచి మంచం కిందికి పోతుంది, ఫోను చేతిలోకి వస్తుంది. తీరా జూన్‌లో టీచర్ బోర్డు మీద భాగహారం వేస్తే, మార్చిలో గబగబా చేసిన పిల్లాడే తెల్లమొహం వేస్తాడు. "వీడికి బుర్ర లేదు" అని ఇంట్లో తేల్చేస్తారు. పాపం, వాడికి తగ్గింది బుర్ర కాదు, వాడకం.

అమెరికాలో హారిస్ కూపర్ బృందం 1996లో 39 పరిశోధనలను కలిపి చూసింది. వేసవి తర్వాత పిల్లలు సగటున నెల రోజుల చదువు వెనకబడుతున్నారని, చదవడం కంటే లెక్కల్లో ఆ నష్టం ఎక్కువని తేల్చింది. కథల పుస్తకమో, దుకాణం బోర్డో ఎక్కడో ఒకచోట కంటపడుతుంది. ఎక్కాలు అలా కంటపడవు కదా!

దీనికి వేల రూపాయల సమ్మర్ క్యాంపే అక్కర్లేదు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే కుటుంబాల్లో ఆట సామాను రెడీగా ఉంది. అంకెల పేర్లే తీసుకోండి. తెలుగులో 29 అంటే ఇరవై మీద తొమ్మిది. ఉర్దూలో ఉన్‌తీస్, అంటే ముప్ఫైకి ఒకటి తక్కువ. 39 ఉన్‌తాలీస్, 49 ఉన్‌చాస్, 59 ఉన్‌సఠ్. అందుకే ఉన్‌తాలీస్ అనగానే చాలామంది పిల్లలు 49 రాసేస్తారు. నానీ ఉర్దూలో అంకె చెప్పాలి, ఒకరు తెలుగులో పలకాలి, ఇంకొకరు పలక మీద రాయాలి. తప్పు రాసినవాళ్లు అందరికీ మంచినీళ్లు తేవాలి. 89, 99 దగ్గరికి వచ్చేసరికి నవాసీ, నిన్యానవే అంటూ ఈ లెక్క తప్పుతుంది. అది ముందే చెప్పేయకండి, పిల్లలే పట్టుకోనివ్వండి.

నాలుగు, ఐదు తరగతుల్లో పిల్లలు ఎక్కువగా తడబడేది భిన్నాల దగ్గర. పెద్దల నోట అవి రోజూ వినిపిస్తూనే ఉంటాయి. సవా అంటే ఒకటింబావు, డేఢ్ అంటే ఒకటిన్నర, ఢాయీ అంటే రెండున్నర. పౌనే దో అంటే రెండుకు పావు తక్కువ, అంటే ఒకటిం ముప్పావు. గడియారం చూపించి అడగండి: సవా బజే అంటే ముల్లు ఎక్కడుండాలి, పౌనే దో బజే అంటే ఎక్కడుండాలి? చికెన్ తేవడానికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి. కిలో 240 అయితే సవా కిలో ఎంత? దుకాణం అతను చెప్పేలోపు 300 అని చెప్తే చిల్లరలో ఐదు రూపాయలు వాడివే. రూహ్ అఫ్జా కలిపే పని కూడా పిల్లలకే ఇవ్వండి. నలుగురికి చేసే కొలత ఆరుగురికి ఎంతవుతుందో వాళ్లే తేల్చుకుంటారు. వంటగట్టు కాస్త జిగురైతే అయింది.

తెలుగు పేపరంటే భయపడే పిల్లలకు ఇంకో ఆట. పేపరిచ్చి, అందులో ఉర్దూ మాటలు వెతకమనండి. మాజీ, రాజీనామా, రద్దు, జిల్లా, హాజరు, వకీలు, ఖర్చు... ఒక్క పేజీలోనే బోలెడు దొరుకుతాయి. రైతు కూడా రయ్యత్ నుంచి వచ్చిందే. అరబ్బీ, ఫార్సీల నుంచి పాలన, కచేరీల దారిలో తెలుగులో కలిసిపోయిన మాటలివి. "ఇది మన మాటే" అనుకున్న పిల్లలు తర్వాతి లైను చదవడానికి అంతగా వెనకాడరు.

పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. విసుగొచ్చి లేచిపోతే పోనివ్వండి, మళ్లీ కూర్చోబెడితే అది హోంవర్క్ అవుతుంది.

హైదరాబాద్ వచ్చే వీలుంటే గోల్కొండ ద్వారం కింద ఒకరు చప్పట్లు కొట్టండి, ఇంకొకరు పైన బాలాహిస్సార్ దగ్గర వినండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం చూడాలంటే శుక్రవారం వెళ్లకండి, ఆ రోజు సెలవు. చార్మినార్ దగ్గర మాత్రం కాస్త పెద్ద పిల్లలకు ఒక లెక్క ఇవ్వండి. అది కట్టింది 1591లో, హిజ్రీ ప్రకారం 1000వ సంవత్సరంలో. దాని వయసు రెండు క్యాలెండర్లలోనూ లెక్కగట్టమనండి. ఒకదానికీ ఇంకోదానికీ దాదాపు 13 ఏళ్ల తేడా వస్తుంది. ఎందుకో వాళ్లకు తట్టకపోతే ఒక్క క్లూ ఇవ్వండి: చంద్రుడి ఏడాదికి రోజులు 354.