చెనిక్కాయ నూనెయు, దానిని మార్చు జన్యువును

బత్తలపల్లి యెఱ్ఱనేలలలో వానను నమ్మి చెనిక్కాయ విత్తువారికి నూనె సంగతి చెప్పుట ధర్మవరమువారికి పట్టు సంగతి చెప్పుట వంటిది. అయినను ఆ నూనె గొంతు దిగిన పిమ్మట ఏమగునో గానుగవానికిని తెలియదు.

చెనిక్కాయ నూనెలో లినోలియిక్ ఆమ్లము కలదు. మన దేహము దీనిని స్వయముగాఁ జేసికొనఁజాలదు. 1929లో అమెరికాలో బర్ దంపతులు కొవ్వు లేని తిండితో ఎలుకలను పెంపఁగా, వాని చర్మము పొలుసులు గట్టెను; ఎదుగుదల నిలిచెను. కొన్ని కొవ్వులు ఆహారమున నుండియే తీరవలెనని అప్పుడు తేలినది.

ఈ యామ్లములో 18 కర్బన పరమాణువులు గొలుసుగా నుండును. అందు రెండు జంటబంధములు. మెదడునకును, కణముల పొరలకును కావలసిన అరకిడానిక్ ఆమ్లమునకు 20 పరమాణువులు, 4 జంటబంధములు. మాంసము, గ్రుడ్లు తినువారికి ఇది సిద్ధముగా దొరకును. శాకాహారి మాత్రము మొదటిదానినుండి రెండవదానిని తన దేహమందే వండుకొనవలెను. ఒక ఎంజైము ఒక బంధమును వేయును. పిమ్మట గొలుసు రెండు పరమాణువులు పెరుగును. వేఱొక ఎంజైము తుదిబంధమును వేయును. మొదటి ఎంజైమునకు మూలము ఫాడ్స్2 జన్యువు, రెండవదానికి ఫాడ్స్1. ఇవి 11వ క్రొమోసోముపై ఇరుగుపొరుగున నున్నవి.

జన్యువు ఉన్నంతనే చాలదు. గానుగ యుండుట వేఱు, ఎద్దును తోలుట వేఱు. ఫాడ్స్2లో 22 అక్షరముల తునక యొకటి కొందఱికి కలదు, కొందఱికి లేదు. అది ఈ జన్యువులు ఎంత చుఱుకుగాఁ బనిచేయునో నిర్ణయించును. కార్నెల్ విశ్వవిద్యాలయమున కుమార్ కొత్తపల్లి, థామస్ బ్రెన్నా మున్నగువారు 2016లో దీనిని ప్రకటించిరి. (ఆ యింటిపేరు చూడఁగానే నాకు చెవులు నిక్కినవని ఒప్పుకొందును.) పుణె ప్రాంతమున, అధికముగా శాకాహారులైన 234 మందిని పరీక్షింపఁగా, 68 శాతము మందికి తల్లినుండియుఁ దండ్రినుండియు ఈ తునక వచ్చియుండెను. 311 మంది అమెరికనులలో ఇట్టివారు 18 శాతమే. తునక గలవారి దేహమున అరకిడానిక్ ఆమ్లము హెచ్చుగాఁ దయారగును. తరతరములు కాయధాన్యములతోఁ బ్రదికిన వారికి అది మేలే చేసియుండును.

చిక్కు ఇప్పుడు వచ్చినది. పూర్వము పండుగకుఁ దీసిన నూనె నేఁడు పూటపూటకును బాణలిలోనికి వచ్చుచున్నది. ఎద్దు మాత్రము పాతవేగముననే తిరుగుచున్నది. అరకిడానిక్ ఆమ్లమునుండియే వాపును రేపు పదార్థములు పుట్టును గనుక, ఇట్టివారికి నూనె మితిమీఱిన హాని యెక్కువ కావచ్చునని ఆ శాస్త్రజ్ఞుల శంక. అవిసె గింజల నూనెలోని ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లము సైతము ఈ యెంజైములకే పోటీపడి, వాని పనిలోఁ గొంత తన వైపునకుఁ ద్రిప్పుకొనును. చెనిక్కాయ నూనెలో అది దాదాపు లేదు.