మీ క్యూఎల్ఈడీ టీవీ వెనక ఒక ఎడిటర్ కూడా ఉన్నారు: పాల్ అలివిసాటోస్ కథ

టీవీ కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? సైజు, రిఫ్రెష్ రేట్, హెచ్‌డీఆర్, పోర్ట్‌లు, చివర్లో ధర. బాక్స్ మీద ‘క్యూఎల్ఈడీ’ అని కనిపిస్తే ‘కలర్స్ బాగుంటాయంట’ అనుకుని ముందుకెళ్లిపోతాం. ఆ ‘క్యూ’ అంటే క్వాంటమ్ డాట్. 2023లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది కూడా దీనికే. మౌంగి బవెండి, లూయిస్ బ్రూస్, అలెక్సీ ఎకిమోవ్ ముగ్గురికీ కలిపి ఇచ్చారు.

ఆ ముగ్గురి గురించి అప్పుడు అందరూ రాశారు. ఈ ఆర్టికల్ ఆ లిస్టులో లేని ఇంకో మనిషి గురించి. పేరు పాల్ అలివిసాటోస్. ల్యాబ్‌లో క్వాంటమ్ డాట్స్ చేశారు, కంపెనీలు పెట్టారు. అన్నిటికన్నా నాకు ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది ఇంకోటి: ‘నానో లెటర్స్’ అనే జర్నల్‌కి ఆయన వ్యవస్థాపక ఎడిటర్. అంటే వేరేవాళ్ల రిసర్చ్‌లో ఏది బయటికి రావాలి, ఏది ఆగాలి అని తేల్చే కుర్చీ. ‘కొత్త బ్యాటరీ, నిమిషాల్లో ఫుల్ చార్జ్’ లాంటి వార్తలు చాలావరకు మొదలయ్యేది అలాంటి జర్నల్స్ నుంచే. అందుకే ఆ కుర్చీలో జరిగే పని గ్యాడ్జెట్లు కొనే మనకి కూడా అవసరమే.

ముందు క్వాంటమ్ డాట్ సంగతి

మీటర్‌ని 100 కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక నానోమీటర్. మన వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. క్వాంటమ్ డాట్ అంటే కేవలం కొన్ని నానోమీటర్ల సైజున్న సెమీకండక్టర్ స్ఫటికం.

మామూలుగా ఒక పదార్థం రంగు మారాలంటే పదార్థాన్నే మార్చాలి. ఇక్కడ సైజు మారిస్తే చాలు. కాడ్మియం సెలినైడ్‌నే తీసుకోండి. 2 నానోమీటర్ల డాట్ నీలం వైపు వెలుగుతుంది, 6 నానోమీటర్ల డాట్ ఎరుపు వైపు. వీణ మీద తీగ పొడవు తగ్గించే కొద్దీ స్వరం పైకి వెళ్లినట్టు, ఎలక్ట్రాన్‌కి తిరగడానికి చోటు తగ్గే కొద్దీ దాని శక్తి పెరిగి కాంతి నీలం వైపు జరుగుతుంది.

షాపుల్లో దొరికే క్యూఎల్ఈడీ టీవీ నిజానికి ఎల్‌సీడీనే. వెనక నీలం ఎల్ఈడీలు ఉంటాయి, వాటి ముందు క్వాంటమ్ డాట్ ఫిల్మ్ ఉంటుంది. ఆ ఫిల్మ్ నీలం కాంతిలో కొంత భాగాన్ని స్వచ్ఛమైన ఎరుపుగా, ఆకుపచ్చగా మారుస్తుంది. కలర్స్ బాగుండటానికి కారణం అదే. డాట్స్‌కి నేరుగా కరెంట్ ఇచ్చి వెలిగించడం వేరే టెక్నాలజీ. పేరు చూసి రెండూ ఒకటే అనుకోకండి.

షికాగో నుంచి బెల్ ల్యాబ్స్ దాకా

అలివిసాటోస్ 1959లో షికాగోలో పుట్టారు. పదేళ్ల వయసులో కుటుంబంతో గ్రీస్ వెళ్లి, కాలేజీ చదువుకి మళ్లీ షికాగో వచ్చారు. 1981లో యూనివర్సిటీ ఆఫ్ షికాగోలో కెమిస్ట్రీ డిగ్రీ, 1986లో బర్క్లీలో పీహెచ్‌డీ. తర్వాత బెల్ ల్యాబ్స్‌లో లూయిస్ బ్రూస్ దగ్గర పోస్ట్‌డాక్‌గా చేరారు. అవును, నోబెల్ వచ్చిన బ్రూస్ దగ్గరే. బవెండి కూడా అక్కడ బ్రూస్ దగ్గర పోస్ట్‌డాక్ చేసినవారే.

1988లో బర్క్లీలో ప్రొఫెసర్ అయ్యారు. ఆ తర్వాత పదిహేనేళ్లలో ఆయన ల్యాబ్ నుంచి వచ్చినవి చూస్తే నేటి గ్యాడ్జెట్ల రోడ్‌మ్యాప్‌లా ఉంటాయి:

- 1994: కాడ్మియం సెలినైడ్ నానోస్ఫటికాలు, పాలిమర్ కలిపి చేసిన ఎల్ఈడీ. పైన చెప్పిన ‘నేరుగా వెలిగించే’ దారి ఇదే.
- 1996: కాడ్మియం లేని ఇండియం ఫాస్ఫైడ్ నానోస్ఫటికాలు. కాడ్మియం విషపదార్థం కాబట్టి, తర్వాత టీవీ కంపెనీలు చాలావరకు ఈ పదార్థం వైపే వెళ్లాయి.
- 1998: క్వాంటమ్ డాట్స్‌తో జీవకణాలకి రంగు గుర్తులు పెట్టడం.
- 2000: గుండ్రటి డాట్స్ మాత్రమే కాదు, కడ్డీల్లాంటి నానోస్ఫటికాలు కూడా కావాల్సిన ఆకారంలో చేయడం.
- 2002: నానో కడ్డీలు, ప్లాస్టిక్ కలిపి చేసిన సోలార్ సెల్.

ఈ లిస్టు ఒకసారి మళ్లీ చూడండి. ఒకటి ఎలక్ట్రానిక్స్, ఒకటి బయాలజీ, ఒకటి ఎనర్జీ. అన్నిటికీ కింద ఉన్నది కెమిస్ట్రీ. మరి ఇలాంటి పేపర్లు ఏ జర్నల్‌కి పంపాలి?

2001: అందరూ కలిసే చోటు

నానో పేరుతో జర్నల్ అప్పటికే లేదని కాదు. బ్రిటన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ ‘నానోటెక్నాలజీ’ అనే జర్నల్‌ని 1990 నుంచే నడుపుతోంది. కానీ కెమిస్ట్‌లు కెమిస్ట్రీ జర్నల్స్‌కి, ఫిజిసిస్ట్‌లు ఫిజిక్స్ జర్నల్స్‌కి, బయాలజీ వాళ్లు వాళ్ల జర్నల్స్‌కి పంపుకోవడమే ఎక్కువ. ఒకే సైజు స్కేల్ మీద పనిచేస్తున్నా ఎవరి వీధి వాళ్లదే.

2000 జనవరిలో అమెరికా ప్రెసిడెంట్ బిల్ క్లింటన్ నేషనల్ నానోటెక్నాలజీ ఇనీషియేటివ్ ప్రకటించారు. ప్రభుత్వ డబ్బు పెద్ద ఎత్తున ఈ వైపు రావడం మొదలైంది. డబ్బుతో పాటు హైప్ కూడా వస్తుందిగా! సరిగ్గా ఆ టైమ్‌లో, 2001 జనవరిలో, అమెరికన్ కెమికల్ సొసైటీ ‘నానో లెటర్స్’ మొదటి సంచిక తెచ్చింది. ‘లెటర్స్’ అంటే చిన్న పేపర్లు: కొత్త ఫలితాన్ని పొడవాటి ఉపోద్ఘాతాలు లేకుండా త్వరగా చెప్పేవి. తర్వాత మిగతావాళ్లూ వచ్చారు. 2005లో ‘స్మాల్’, 2006లో ‘నేచర్ నానోటెక్నాలజీ’, 2007లో పాల్ వైస్ ఎడిటర్‌గా ‘ఏసీఎస్ నానో’.

ఎడిటర్ అసలు ఏం చేస్తారు?

ఎడిటర్ అంటే కామాలు, ఫుల్‌స్టాప్‌లు సరిచేసే మనిషి అని చాలామంది అనుకుంటారు. కోడింగ్ తెలిసినవాళ్లకి ఈజీగా చెప్పాలంటే ఎడిటర్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌లో మెయింటెయినర్ లాంటివారు. పేపర్ అనేది పుల్ రిక్వెస్ట్.

పేపర్ రాగానే ఎడిటర్ మొదట చూసేది: ఇది నిజంగా కొత్తదా, ఈ జర్నల్ చదివేవాళ్లకి పనికొస్తుందా? కాదనిపిస్తే అక్కడే రిజెక్ట్. అవుననిపిస్తే అదే సబ్జెక్ట్ తెలిసిన ఇద్దరు ముగ్గురికి రివ్యూకి పంపుతారు. ఈ రివ్యూయర్లకి సాధారణంగా జీతం ఉండదు, చాలా జర్నల్స్‌లో వాళ్లెవరో రాసినవాళ్లకి తెలియదు కూడా. ఒకరు ‘సూపర్’ అంటారు, ఇంకొకరు ‘ఈ గ్రాఫ్ నమ్మను, ఇంకో ప్రయోగం చేసి చూపించండి’ అంటారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలో తేల్చేది ఎడిటరే. రివ్యూయర్లది సలహా, నిర్ణయం ఎడిటర్‌ది.

ఇక్కడ ఒక తేడా ఉంది. నేచర్ లాంటి జర్నల్స్‌లో ఎడిటర్లకి అదే ఫుల్‌టైమ్ ఉద్యోగం, సొంత ల్యాబ్ ఉండదు. అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్స్‌లో మాత్రం ఎడిటర్లు సాధారణంగా యూనివర్సిటీల్లో పనిచేసే ప్రొఫెసర్లే. పగలు సొంత ల్యాబ్, దాని పక్కనే జర్నల్ పని. అలివిసాటోస్‌ది ఈ రెండో రకం.

మా టీమ్‌లో నేను రోజూ కోడ్ రివ్యూలు చేస్తాను. దానికీ పేపర్ రివ్యూకీ ఒక పెద్ద తేడా ఉంది. కోడ్ అయితే మెర్జ్ చేసే ముందు టెస్ట్‌లు రన్ అవుతాయి, ఫెయిలైతే ఎర్రగా కనిపిస్తుంది. పేపర్ రివ్యూ చేసేవాళ్లు ప్రయోగాన్ని మళ్లీ చేసి చూడరు. డేటా నిజమే అనుకుని, అందులో లాజిక్ నిలబడుతుందా అని మాత్రమే చూస్తారు. ఈ గ్యాప్ ఎంత ప్రమాదమో నానో ప్రపంచానికి సరిగ్గా ఆ రోజుల్లోనే తెలిసొచ్చింది.

ఒకే నాయిజ్, రెండు గ్రాఫ్‌లు

బెల్ ల్యాబ్స్‌లో యాన్ హెండ్రిక్ షోన్ అనే యువ ఫిజిసిస్ట్ ఉండేవాడు. సేంద్రియ పదార్థాలతో, ఒక్క అణుపుంజం మందంతో ట్రాన్సిస్టర్లు చేశానని వరసగా పేపర్లు వేశాడు. వచ్చింది చిన్న జర్నల్స్‌లో కాదు, నేచర్, సైన్స్‌లలోనే. నిజమైతే చిప్‌ల చరిత్రే మారిపోవాలి. వేరే ల్యాబ్‌లు ఎంత ప్రయత్నించినా ఆ ఫలితాలు రాలేదు.

2002లో లిడియా సోన్, పాల్ మెక్‌యూన్ అనే ఫిజిసిస్ట్‌లు ఒకటి గమనించారు. వేర్వేరు పరికరాలవని చెప్పిన గ్రాఫ్‌లలో నాయిజ్ ఒకేలా ఉంది! రెండు వేర్వేరు ఫోన్ల బెంచ్‌మార్క్ గ్రాఫ్‌లలో ప్రతి చిన్న ఫ్రేమ్ డ్రాప్ కూడా సేమ్ టు సేమ్ ఉంటే మీకేం అనిపిస్తుంది? అదే. ఆ ఏడాది సెప్టెంబర్‌లో విచారణ కమిటీ రిపోర్ట్ ఇచ్చింది: చూసిన 24 ఆరోపణల్లో 16 చోట్ల మోసం జరిగిందని. ఉద్యోగం పోయింది. సైన్స్ 8 పేపర్లు, నేచర్ 7 పేపర్లు వెనక్కి తీసుకున్నాయి.

క్వాంటమ్ డాట్స్ ఎందుకు నిలబడ్డాయో దీనికి పక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది. 1993లో బవెండి బృందం ఒకే సైజు డాట్స్ చేసే పద్ధతి చెప్పింది. కాకపోతే అందులో వాడే డైమిథైల్ కాడ్మియం విషం, గాలి తగిలితే అంటుకుంటుంది కూడా. 2001లో షియావోగాంగ్ పెంగ్ దాని బదులు మామూలు కాడ్మియం ఆక్సైడ్‌తో చేసి చూపించారు. ఈ పెంగ్ అంతకుముందు అలివిసాటోస్ ల్యాబ్‌లో పనిచేసినవారే. దాంతో సాధారణ ల్యాబ్‌లు కూడా ఈ డాట్స్ చేసుకోగలిగాయి. రివ్యూ ఒక గేటు మాత్రమే. అసలు పరీక్ష గేటు దాటాక, వేరేవాళ్ల చేతుల్లో జరుగుతుంది.

మనిషి ఒక్కరు, కుర్చీలు మూడు

2001లోనే ఇంకొకటి జరిగింది. నానోసిస్ అనే కంపెనీ మొదలైంది, దాని వ్యవస్థాపకుల్లో అలివిసాటోస్ ఒకరు. దానికి ముందు 1998లో క్వాంటమ్ డాట్ కార్పొరేషన్ అనే బయాలజీ వైపు కంపెనీకి కూడా. 2013లో అమెజాన్ తెచ్చిన 7 అంగుళాల కిండిల్ ఫైర్ హెచ్‌డీఎక్స్ డిస్‌ప్లేలో ఉన్నది నానోసిస్ టెక్నాలజీనే.

ఇక్కడ మీకో డౌట్ రావాలి. ఒకే మనిషి రిసర్చర్, కంపెనీ ఫౌండర్, పైగా పోటీదారుల పేపర్ల మీద నిర్ణయం తీసుకునే ఎడిటర్. ఇది కరెక్టేనా? యూట్యూబ్ రివ్యూయర్‌కి ఫోన్ కంపెనీలో షేర్లుంటే మనం ఒప్పుకుంటామా?

ప్రశ్న న్యాయమైనదే. కొత్త రంగంలో ఇబ్బంది ఏంటంటే, పేపర్‌ని తూచగలిగేవాళ్లంతా అదే పని చేస్తున్నవాళ్లే. బయటివాళ్లని కూర్చోబెడితే పక్షపాతం తగ్గుతుంది, లోతూ తగ్గుతుంది. అందుకే జర్నల్స్ రూల్స్ పెట్టుకుంటాయి: ఎడిటర్ సొంత పేపర్‌ని వేరే ఎడిటర్ చూడాలి, ఆర్థిక సంబంధాలు బయటపెట్టాలి. ఇవి సమస్యని పూర్తిగా తీర్చవు. కానీ నాకు తెలిసి ఏమీ చెప్పకుండా దాచడం కన్నా, సంబంధం ఉందని రాసి పెట్టడం వెయ్యి రెట్లు మేలు.

అలివిసాటోస్ ఆ తర్వాత 2009 నుంచి 2016 దాకా లారెన్స్ బర్క్లీ నేషనల్ ల్యాబొరేటరీ డైరెక్టర్‌గా, 2021లో తను చదివిన యూనివర్సిటీ ఆఫ్ షికాగోకే ప్రెసిడెంట్‌గా వెళ్లారు. నానో లెటర్స్ చీఫ్ ఎడిటర్ కుర్చీలోకి తర్వాత నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీకి చెందిన టెరి ఓడమ్ వచ్చారు. నోబెల్ ఒక బహుమతికి ముగ్గురిని మించి ఇవ్వరు. ఒక రంగం నిలబడటానికి మాత్రం ముగ్గురు సరిపోరు.

మరి మనం ఏం చేయాలి?

ఇకమీద ‘నానో’, ‘గ్రాఫీన్’, ‘క్వాంటమ్’ అని ఏ ప్రోడక్ట్ పేజీలో కనిపించినా, షేర్ కొట్టే ముందు ఈ నాలుగు చూడండి:

1. ఇది ఏదైనా జర్నల్‌లో వచ్చిందా, లేక కంపెనీ ప్రెస్‌నోట్ మాత్రమేనా?
2. వచ్చి ఉంటే, సంబంధం లేని ఇంకో ల్యాబ్ మళ్లీ చేసి చూపించిందా?
3. పేపర్ చివర్లో రచయితల ఆర్థిక సంబంధాల గురించి ఏం రాశారు?
4. ల్యాబ్‌లో చేసిందీ, బాక్స్ మీద రాసిందీ ఒకటేనా? 1994 నాటి ల్యాబ్ ఎల్ఈడీకీ, నేటి క్యూఎల్ఈడీ టీవీకీ మధ్య ఎంత తేడా ఉందో పైన చూశాం కదా.

బీటెక్ చదువుతూ రిసర్చ్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. కొత్తది కనిపెట్టడం ఒక్కటే కెరీర్ అనుకోకండి. పక్కవాడి పనిని ఓపిగ్గా చదివి, ‘ఇది బాగుంది, ఇక్కడ మాత్రం ఇంకో ప్రయోగం కావాలి’ అని నిజాయితీగా చెప్పగలగడం కూడా ఒక స్కిల్లే. దాన్ని మీ క్లాస్‌మేట్ ప్రాజెక్ట్ రిపోర్ట్‌తో ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టొచ్చు.