కుక్కరు కూత పెట్టకపోతే...

రెండేళ్ల కిందటి మాట. ఆదివారం కదాని తీరిగ్గా పాలకూర పప్పు కుక్కర్లో నేరుగా పడేసి, ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను. పావుగంటైనా విజిల్ రాలేదు. "ఏమ్మాయ్, ఇంకా కూత పెట్టలేదేం?" అంటూ పొయ్యి దగ్గరకొచ్చిన అత్తయ్యగారు, బాబు పిలిస్తే హాల్లోకి వెళ్లారు. ఆవిడ అటు వెళ్లారో లేదో ఢామ్మని శబ్దం! సేఫ్టీ వాల్వ్ లోంచి పప్పు చిమ్మి సీలింగుకి అంటుకుంది. ఒక్క నిమిషం ముందైతే అదంతా ఆవిడ ముఖాన పడేది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పనికిరాని కుక్కరు అంటగట్టారని తిట్టుకుంటూ మర్నాడు మా వీధిచివరి రిపేరు షాపుకి పట్టుకెళ్లాను. అతను మూతని వెలుతురుకేసి ఎత్తి, "ఈ గొట్టంలోంచి చూడండమ్మా, ఏమన్నా కనిపిస్తోందా?" అన్నాడు. ఏమీ కనిపించలేదు. లోపల ఆకు ముక్క, దానిచుట్టూ ఎన్నాళ్లదో ఎండిన పప్పు! "కుక్కరు తప్పేం లేదమ్మా, వాల్వ్ దాని పని అది చేసింది" అన్నాడు. సిగ్గేసింది. పైన తళతళా తోమడమే తప్ప ఆ గొట్టం వంక నేనెప్పుడైనా చూస్తేగా!

కుక్కర్లో ఆవిరి చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో ఒత్తిడితో ఉంటుంది. అందుకే లోపలి వేడి 120 డిగ్రీలదాకా పెరిగి పప్పు త్వరగా ఉడుకుతుంది. ఒత్తిడి అంతకు మించితే వెయిట్ లేచి విజిల్ వస్తుంది. గొట్టం మూసుకుపోతే ఆవిరికి దారుండదు. అప్పుడు సేఫ్టీ వాల్వ్ లోని లోహం వేడికి కరిగి దారిస్తుంది. అదే లేకుంటే కుక్కరే పేలిపోతుంది.

ఆనాటినుంచి నేను పాటిస్తున్నవి ఇవి:

• మూత పెట్టేముందు గొట్టాన్ని వెలుతురుకేసి చూడాలి. అడ్డుంటే సన్నటి పుల్లతో తీసి, కుళాయి కింద కడగాలి. వెయిట్ లోపలా కడగాలి.

• పప్పు, బియ్యంలాంటివి నేరుగా వండితే సగానికి మించి పోయకూడదు. పప్పులో చెంచా నూనె వేస్తే నురుగు తగ్గుతుంది.

• గాస్కెట్ ను రోజూ తీసి కడిగి ఆరబెట్టాలి. గట్టిపడినా, వదులైనా, బీటలిచ్చినా మార్చేయాలి.

• సేఫ్టీ వాల్వ్ పోతే అదే కంపెనీది వేయించాలి. చవగ్గా వస్తుందని ఏదో ఒకటి బిగించుకోవద్దు.

• విజిల్ రాకపోతే మూతమీదికి వంగి చూడకుండా ముందు స్టవ్ ఆర్పాలి. పూర్తిగా చల్లారాకే మూత తీయాలి.

• గిన్నెలు పెట్టి వండేటప్పుడు అడుగు నీళ్లలో కాస్త చింతపండు వేస్తే అల్యూమినియం కుక్కరు నల్లబడదు.

వీటికి రోజుకి రెండు నిమిషాలు చాలు. ఇప్పుడు మా ఇంట్లో కుక్కరు ఎవరు పెట్టినా, ఆఖరికి మావారైనా సరే, మూతని కిటికీకేసి ఎత్తి చూశాకే పొయ్యి వెలిగిస్తారు. సీలింగు మీది పసుపు మరక మాత్రం సున్నం వేయించినా పూర్తిగా పోలేదు. "ఉండనీవే, గుర్తుంటుంది" అంటారు అత్తయ్యగారు.