టమాటాకు రుచి ఎక్కడిది?

పూర్వము మనవారు రామములగ అని పిలిచిన టమాటాలో నూటికి సుమారు 94 వంతులు నీరే. మిగిలిన కొద్ది భాగములోని చక్కెరలు తీపిని, ఆమ్లములు పులుపును ఇచ్చును. కాని ముక్కు మూసుకొని తిన్నచో ఆ రెండే తెలియును గాని, అది టమాటా అని తెలియుట కష్టము. తరగతిలోనే పరీక్షించి చూడవచ్చును. ఆ ప్రత్యేకమైన రుచి, సులువుగా ఆవిరియగు సువాసన ద్రవ్యముల వలన కలుగునదే.

చక్కెరలో అధిక భాగము ఆకులలో తయారై కాయకు చేరును. కావున పెరటిలో ఎండ బాగుగా తగులు చోటనే మొక్కను నాటవలెను. ఆకులను విచ్చలవిడిగా తుంచరాదు. పచ్చికాయ కూడ తనలోని పత్రహరితముతో కొంత చక్కెరను చేసికొనును. పండంతయు ఒకే రంగు తిరుగవలెనని ఏరి పెంచిన రకములలో, తొడిమ చుట్టు ముదురు పచ్చదనమును కలిగించు జన్యువు చెడియున్నదని 2012లో తేలినది. అంగడి అందమునకు రుచియే వెల!

కాయ ముదిరిన పిదప నీరు కొంత తగ్గించినచో పండు చిన్నదైనను రుచి చిక్కబడును. అయితే మొక్కను వాడబెట్టి ఒక్కసారిగా తడిపినచో పండ్లు పగులును.

రంగు బాగుగా తిరుగువరకు పండును మొక్కననే ఉంచవలెను. కోసిన పిదప ఫ్రిజ్‌లో పెట్టుట తగదు. వారము దినములు 5 డిగ్రీల చలిలో ఉంచిన పండ్లకు, తిరిగి వెచ్చని చోట ఒక దినము ఉంచినను, పోయిన సువాసన పూర్తిగా రాలేదని 2016లో ప్రకటితమైన పరిశోధన తెలుపుచున్నది. గాలి తగులు బుట్టలో నీడపట్టున ఉంచి రెండు మూడు దినములలో వాడుకొనుట మేలు.